కూర్మయ్య బావ కండువా

ముందుగా చదివేవాళ్లకు ఒక మనవి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా ఆయన పోయాక వయోజన విద్యా కేంద్రంలో పలక పట్టాను. ఒత్తులు తప్పుతాను, దీర్ఘాలు మరిచిపోతాను. దిద్దుకుని చదువుకోండి. రాయడం కూడా బాగా నిదానం. ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఇందులో వచ్చే సినిమా ఇంకా హాల్లో ఆడుతోంది. ముగించేసరికి టీవీలో వేసీ వేసీ టీవీవాళ్లకే విసుగొచ్చింది.

నౌపడ నీలవేణి ఉప్పు మడుల్లో పనిచేస్తుంది. పాటలు కడుతుంది, కట్టినవి తనే పాడుతుంది. పాట కట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. మానిపించాలని మాత్రం చాలామంది చూశారు, వాళ్లవల్ల కాలేదు. మా వైపు పెళ్లిళ్లలో మగపెళ్లివారు బంతికి కూర్చోగానే ఆడపెళ్లివారి ఆడవాళ్లు వియ్యాలవారిని పేరుపెట్టి దెప్పుతూ పాడతారు. దెప్పించుకున్నవాడు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే వాడు మర్యాద తెలియనివాడు. నీలవేణి పాడుతుందంటే పెళ్లికొడుకు తండ్రి మీసం దగ్గర్నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసుకుని మరీ వచ్చేవాడు.

2016 వేసవిలో నీలవేణి అన్నగారి కూతురికి పెళ్లయింది. వియ్యంకుడు గజపతినగరం రైతు కూర్మయ్య. పొలం ఉంది, పాడి ఉంది, మనిషికి లోటేమీ లేదు. అయినా బంతిలో కజ్జికాయలు వడ్డించగానే ఆయన ఒకటి తిని, తతిమ్మావి ఆకులోంచి ఒక్కొక్కటే ఒళ్లోకి జార్చి, కండువా కొసకు ముడి వేసుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. నీలవేణి చూసింది. వడ్డన ఇంకా పెరుగుదాకా రాకముందే పాట లేచింది.

"కండువా కొసకేటి కూర్మయ్య బావా
ముడేసి దాసేవేటి కూర్మయ్య బావా
తెల్లాని కండువాకి కూర్మయ్య బావా
మరకేటి మరకేటి కూర్మయ్య బావా"

మరక నిజంగానే ఉంది. ముడిలోంచి నూనె కారింది. పందిరంతా గొల్లుమంది. కూర్మయ్య నవ్వలేదు. పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. లేస్తూ లేస్తూ కండువా మాత్రం జాగ్రత్తగా భుజాన వేసుకున్నాడు.

ఆ బంతిలోనే వినోద్ అనే కుర్రవాడు పెళ్లికొడుకు స్నేహితుడిగా కూర్చున్నాడు. గజపతినగరం వాడే. హైదరాబాదులో ఒక సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడు. పాటనంతా సెల్‌ఫోన్లో పట్టుకుపోయాడు. నెల తిరగకుండా కారు తెచ్చి నీలవేణిని విశాఖపట్నం స్టూడియోకి తీసుకెళ్లాడు. చెవులకు డిప్పలు తగిలించి అద్దాల గదిలో పాడించారు. అయ్యాక శాలువా కప్పారు. మే నెలలో, అద్దాల గది బయట, ఉన్ని శాలువా.

"సినిమాలో నీ పాటే పిన్నీ, నీ గొంతే" అన్నాడు వినోద్.

సినిమా వచ్చింది. నౌపడ నుంచి రెండు ఆటోల జనం టెక్కలి వెళ్లి చూశారు. పాట ఎక్కడో విదేశంలో మంచు కొండ మీద తీశారు. ఆ చలిలో హీరోయిన్ ఒంటిమీద నీలవేణికి కప్పిన శాలువాలో పావు వంతు బట్ట కూడా లేదు. హీరో మెళ్లో కండువా పట్టుకుని లాగుతూ ముడిలో ఏముందని అడుగుతోంది. ఆమె చూపు చూస్తే కజ్జికాయలని మాత్రం ఎవరికీ తోచదు. గొంతు ముంబై అమ్మాయిది. స్టూడియోలో నీలవేణి పాడింది ట్రాకట. అంటే అసలు గాయని వచ్చేదాకా ఆ చోటు చల్లారిపోకుండా ఎవరో ఒకరు పాడిపెట్టడం. పాట ఎవరిదో వేసేచోట కోడలు అనిత గబగబా చదివి చెప్పింది.

"జానపదం. మెరుగులు, నరసింగరావు అని ఉందత్తా."

నరసింగరావు పేరున్న సినీ కవి. ఆయన దిద్దిన మెరుగులేమిటో తెలుసుకుందామని అందరూ చెవులు రిక్కించి విన్నారు. రెండు చోట్ల 'బేబీ' అని చేర్చాడు.

గొంతు పోయినందుకు నీలవేణి పెద్దగా బాధపడలేదు. ఉప్పు గాలికి తన గొంతు బొంగురుదని ఆమెకు తెలుసు. కానీ కట్టిన పాట తనది కాదంటే ఊరుకోలేకపోయింది. ఇంటికి రాగానే అనిత చేత వినోద్‌కి ఫోన్ చేయించింది.

"వినోదూ, పాటకి నా పేరేదిరా?"

"పిన్నీ, జానపదం అంటే పెద్ద గౌరవం. అది జనం అందరిదీ అని."

"అందరిదీ అయితే అందులో నానూ ఉన్నాను గదా. మరి నరసింగరావు పేరొక్కటీ ఎలా పైకి తేలిందిరా?"

"కట్టినవాళ్లెవరో తెలియకపోతేనే జానపదం అంటారు పిన్నీ."

"నీకు తెల్దేటిరా? నా ముందు కూకుని అప్పడం నంజుకుంటూ ఇన్నావు గదా!"

ఫోన్ కట్టయింది. సిగ్నల్ లేదన్నాడు తరువాత. హైదరాబాదులో లేని సిగ్నల్ నౌపడ ఉప్పు మడుల్లో నిండుగా ఉంది.

ఇటు కూర్మయ్య దశ తిరిగింది. పాట ఊరూరా మోగుతుంటే, ఆ కూర్మయ్య ఈ కూర్మయ్యేనని వినోద్ స్నేహితులు గజపతినగరం అంతా చాటారు. మొదట కూర్మయ్య వాళ్లను కర్ర పట్టుకుని తరిమాడు. ఎవరో సెల్‌ఫోన్ల కొట్టు తెరుస్తూ రిబ్బను కత్తిరించడానికి పిలిచేసరికి కర్ర పక్కన పెట్టాడు. వినాయక చవితికి బజార్లో 'మన కూర్మయ్య బావ' అని ఫ్లెక్సీ లేచింది. ఆయన నల్ల కళ్లద్దాలతో ఏనుగంత ఉన్నాడు, వినాయకుడు మూలన పిడికెడంత ఉన్నాడు. ముడి సంగతి ఎవరైనా అడిగితే, "పందిట్లో పిల్లలకి పంచిపెడదారని కట్టాను. ఆ దానగుణం సూసే పాట కట్టారు" అని చెప్పుకునేవాడు. వియ్యాలవారింటికి రాకపోకలు మాత్రం లేవు. దానకర్ణుడికి కోపం తగ్గలేదు.

అప్పుడు ఒక టీవీ ఛానలు పల్లె పాటల మీద కార్యక్రమం పెట్టింది. పాటలోని కూర్మయ్య బతికే ఉన్నాడని విని ఆయన్ని రమ్మన్నారు. వెనకాల నిలబడడానికి గ్రామీణ బృందం కావాలన్నారు. ఆ బృందాన్ని తెచ్చే పని వినోద్ మీద పడింది. వాడు సిగ్నల్ దొరికించుకుని నీలవేణికి ఫోన్ చేశాడు.

"ఎల్లకత్తా, ఎనకాల నిలబెడతారట" అంది అనిత.

"ఎనక నిలబడితేనేటే? నరసింగరావు బాబు కూడా వస్తాడట. నా పాటకి నా పేరు ఎయ్యమని మొకం మీదే అడుగుతాను."

హైదరాబాదు స్టూడియోలో బట్టలిచ్చే అబ్బాయి నీలవేణివీ, ఆమెతో వచ్చిన మడుల ఆడవాళ్లవీ నేత చీరలు చూసి పెదవి విరిచాడు. పల్లెటూరివాళ్లలా లేరన్నాడు. అందరికీ ఒకేలాంటి మెరుపు చీరలు కట్టించి, రూపాయంత బొట్లు పెట్టి, నీలవేణి చేతికి చేట ఇచ్చాడు.

"ఇందులో ఏటి సెరగాల బాబూ?"

"ఏమీ చెరగొద్దు. ఊరికే ఊపుతూ ఉండండి. మాట్లాడకూడదు."

ముందు వరుసలో మెత్తటి సోఫా మీద కూర్మయ్య పట్టు కండువాతో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి నీలవేణిని చూసి, చూడనట్టు మళ్లీ ముందుకు తిరిగాడు. పక్కన ఎత్తు కుర్చీలో నరసింగరావు. కార్యక్రమం నడిపే అమ్మాయి యమున, జబ్బలు కనిపించే లంగా ఓణీతో వచ్చి, ఈ పాట ఎలా దొరికిందో చెప్పమని కవిగారిని అడిగింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. "రెండు వందల ఏళ్ల నాటి పాటమ్మా ఇది. ఏ అజ్ఞాత స్త్రీ హృదయం పాడిందో! కండువా అంటే ఆకాశం. అందులో దాచినది చందమామ. మరక అంటే చంద్రుడిలోని మచ్చ. ఆ తల్లి ఎవరో, ఎక్కడ పుట్టిందో, మనకు తెలిసే దారే లేదు."

ఆ తల్లి ఆయన వీపు వెనకాలే నిలబడి ఖాళీ చేట ఊపుతోంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నీలవేణి చేట దించింది. నోరు తెరవబోతే పక్కనుంచి ఒకడు వేలు పెదవి మీద పెట్టి ఉరిమి చూశాడు. అంతలో సోఫా కదిలింది.

"ఆగండాగండి. రెండొందలేళ్లేటి? కూర్మయ్యని నానే గదా!"

యమున నవ్వింది. "పేరు కలిసింది కూర్మయ్యగారూ. అందుకే సరదాగా మిమ్మల్ని పిలిచాం."

"పేరు కలవడమేటమ్మా? పాట నా మీదే కట్టారు. మా ఊళ్లో ఫ్లెక్సీలున్నాయి!"

నరసింగరావు కళ్లు తెరిచి జాలిగా చూశాడు. "పెద్దాయనా, కూర్మయ్య మనిషి కాదు, ఒక ప్రతీక."

తనను మనిషి కాదన్నారని అర్థమైంది కూర్మయ్యకు. పాట రెండు వందల ఏళ్లదైతే రిబ్బన్లు లేవు, ఫ్లెక్సీ లేదు, సోఫా లేదు. మొహం ఎర్రబడింది. గభాలున వెనక్కి తిరిగాడు.

"ఒలే నీలవేణీ! ఆ సేట ఊపడం ఆపి సెప్పవే! ఎవుల మీద కట్టావు పాట?"

కెమెరాలన్నీ ఒక్కసారి వెనక వరుసకు తిరిగాయి. ఇక నోటిమీద వేలు పెట్టేవాడు ఎవడూ లేడు.

"కట్టింది నానే. నీ మీదే కట్టాను బావా" అంది నీలవేణి. "నా మాట ఈలు నమ్మరు. ఆ ముడి సంగతి నువ్వే సెప్పాల. పిల్లలకి పంచడానికైతే ఆ పాటలో కూర్మయ్య నువ్వు కాదు, ఇంకెవుడో. దాసుకున్నోడైతేనే నువ్వు."

కూర్మయ్య కండువా కొస వేళ్లకు చుట్టుకున్నాడు, విప్పాడు. దానకర్ణుడిగా ఉంటే పాట పోతుంది. పాట కావాలంటే దానం పోతుంది. నరసింగరావును చూశాడు, కెమెరాను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"దాసుకున్నానండి" అన్నాడు. "కజ్జికాయలు. బంతిలో కూకుని ఒక్కోటీ ఒళ్లోకి తోసేను. ఈ మనిషి సూసేసింది. పెరుగు రాకముందే పాట కట్టేసింది. ఆ మరక సెందమామదీ కాదు, ఏటీ కాదు. నూనె మరక. సబ్బుకి కూడా పోలేదు."

యమున గొంతు గద్గదం చేసుకుంది. ఎవరో వయొలిన్ కూడా మొదలుపెట్టారు. "మీ ఆవిడ కోసం దాచారా కూర్మయ్యగారూ?"

"కాదమ్మా. నాకే. రైల్లో తిందారని."

వయొలిన్ ఆగిపోయింది. జనం పడీ పడీ నవ్వారు. పై గదిలోంచి కార్యక్రమం దర్శకుడు, ఇదంతా ఉంచండి, ఒక్క ముక్క కూడా కత్తిరించొద్దని కేకేశాడు. నరసింగరావు ఒక్కడే నవ్వలేదు. ఆకాశమూ చందమామా పోయి ఆయన చేతికి నూనె మరక మిగిలింది.

"సరే, సరే" అన్నాడాయన పెద్దరికంగా. "ఈసారి నుంచి 'సేకరణ, నీలవేణి' అని వేయిద్దాం."

"సేకరణంటే ఏటి బాబూ?"

"అక్కడా ఇక్కడా ఉన్నవి ఏరి తేవడమమ్మా."

"ఏరింది మీరు బాబూ, నాను కట్టాను. కట్టినోలిని ఏటంటారో అదే ఎయ్యండి."

"రచన అంటారు" అంది యమున, ఆ సాయంత్రమంతటికీ ఎవరూ రాసివ్వకుండా ఆమె అన్న మాట అదొక్కటే. "రచన అని వేయాలి సార్."

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. కెమెరాలు తిరుగుతున్నాయి కాబట్టి నరసింగరావు కూడా కొట్టాడు.

ఆ భాగం టీవీలో వచ్చిన రోజు నీలవేణి పేరు తెర కింద, ఎరువుల ప్రకటనకు కాస్త పైన, తుమ్మినంత సేపు కనిపించింది. ఆ సేపట్లోనే అనిత ఫోటో తీసేసింది. కొన్నాళ్లకు సినిమావాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన పాట కింద కూడా మార్చారు. ధర్మం తలుచుకుని మార్చలేదు. కూర్మయ్య మాటలు ఊరంతా పాకి, చూసినవాళ్లందరూ అక్కడ తిట్లు రాసిపోతున్నారు. ఇప్పుడక్కడ 'రచన, నీలవేణి. మెరుగులు, నరసింగరావు' అని ఉంటుంది. ఆయన పేరు ఉన్నందుకు నీలవేణి అభ్యంతరం చెప్పలేదు. రెండు బేబీలూ ఆయనవే కదా.

కూర్మయ్య వియ్యాలవారింటికి రావడం మొదలుపెట్టాడు. నిజం ఒప్పుకున్నాక ఆయనకు గిరాకీ ఇంకా పెరిగింది. ఏ కొట్టు తెరిచినా పళ్లెంలో కజ్జికాయలు పెట్టి, ముడి వేసి చూపించమంటున్నారట. చూపిస్తున్నాడట కూడా.

అసలు తంటా నీలవేణికి వచ్చిపడింది. ఆమె పాట కడితే మనిషి టీవీకి ఎక్కుతాడని జిల్లా అంతా తెలిసిపోయింది. ఇదివరకు ఆమె పేరు వింటే మీసం తడుముకునే వియ్యంకులు ఇప్పుడు పళ్ల బుట్టలతో గుమ్మం ఎక్కుతున్నారు. మొన్న అరసవల్లి నుంచి జగన్నాధం అనే లాడ్జీ యజమాని కారేసుకుని వచ్చాడు. మాఘంలో కొడుకు పెళ్లట.

"నన్ను కొంచెం గట్టిగా దెప్పాలమ్మా. పాటలో మా లాడ్జీ పేరు కూడా తగిలేలా సూడాల."

"ఏటి తప్పు సేసేరు బాబూ?" అని అడిగింది నీలవేణి.

"నానా? నాను ఏ తప్పూ సెయ్యలేదమ్మా. అరసవల్లిలో ఎవుల్నైనా అడుగు."

"తప్పు సెయ్యనోలిని ఏటని దెప్పుతాను?"

జగన్నాధం ఇబ్బందిగా కదిలాడు. ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతో ఎలా వెళ్లడం? కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి అడిగాడు.

"పోనీ నువ్వే సెప్పమ్మా, ఏటి సేస్తే బాగుంటాది? సేసేస్తాను."

నీలవేణి ఉప్పు గంప నెత్తికెత్తుకుని గుమ్మం దిగింది.

"పాట కట్టడం మట్టుకే నా పని బాబూ. ఎదవపని ఎవులిది ఆలే సేసుకోవాల" అని మడులవైపు నడిచింది.

— గున్నమ్మ, వయసు అరవై నాలుగు. పుట్టింది, మెట్టింది నౌపడ దగ్గరే. ఇప్పుడు ఉంటున్నది గజపతినగరంలో, చిన్న కూతురి ఇంట్లో.