నేర్చుకునే చేతుల కింద

టీ మళ్ళీ కారింది. పై పెదవి కప్పు అంచుకు సరిగ్గా ఆనక, గడ్డం మీదుగా ఆమె యూనిఫాం చొక్కా మీదికి జారింది. మొగుడు ఫోన్లోంచి తలెత్తకుండానే తన చేతిరుమాలు ఆమె వైపు తోశాడు. ఆ మాత్రానికే పొంగిపోవాలి కాబోలు. దాన్ని ఉతికేదీ ఆమే.

ఆమె ఒక స్కిన్ క్లినిక్‌లో రిసెప్షనిస్టు. అక్కడి డాక్టరుగారు శనివారాలు కొత్త డాక్టర్లకు పెదవులు నిండుగా కనబడేలా ఫిల్లర్ అనే మందు సూదితో ఎక్కించడం నేర్పుతాడు. నేర్చుకునే చేతులకు ఒక మూతి కావాలి. డబ్బు కట్టే పేషెంటు అందుకు ఒప్పుకోదు, జీతానికున్న మనిషి ఒప్పుకుంటుంది. స్టాఫ్‌కి ఫ్రీ అన్నాడాయన, వరమిస్తున్నట్టు మొహం పెట్టి. ఇంట్లో చెబితే ఆమెకంటే ముందు మొగుడే సరేననేశాడు.

"ఊరికే వస్తుంటే కాదంటావేంటి? గీత గీసినట్టుండే ఆ మూతి కాస్త బాగుపడుతుంది."

ముద్దు పెట్టే తీరిక లేని మనిషికి మూతి మీద అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. అత్తగారు మొదట మొహానికి కళ వచ్చిందన్నది, నెల తిరక్కుండా కందిరీగ కుట్టిందా అని నలుగురిలో నవ్వింది. మొదటి వారం అద్దం ముందు ఆమె కూడా మురిసింది. అది తలచుకుంటే ఆమెకు తన మీదే ఒళ్ళు మండుతుంది.

శనివారం తర్వాత శనివారం ఎక్కించగా ఎక్కించగా ఆ మందు పెదవి దాటి ముక్కు కిందికి పాకింది. అక్కడో గట్టు లేచింది. పాలు ఊది చల్లార్చబోతే గాలి పక్కకు పోతోంది. నవ్వుతున్నావా, కోపమొచ్చిందా అని కూతురు అనుమానంగా అడుగుతోంది. క్లాసుకొచ్చే ఒక అమ్మాయి డాక్టరు ఆ గట్టును వేలితో తడిమి, మెల్లగా చెప్పింది.

"ముందు ఇది కరిగించాలక్కా. దీని మీదే ఇంకా ఎక్కిస్తే ఇంకా పాకుతుంది."

డాక్టరుగారు ఒప్పుకోలేదు. చుట్టూ ఇంకాస్త వేస్తే గట్టు కనబడదన్నాడు. మొగుడిదీ అదే పాట, కరిగిస్తే మళ్ళీ ఆ పాత మూతే కదా అని. మూతి ఎవరిదో ఇద్దరికీ గుర్తు రాలేదు. కరిగాక పెదవులు వేలాడతాయేమోనని ఆమెకు భయం. ఎదురు చెబితే ఉద్యోగం పోతుందేమోనని అంతకన్నా భయం.

శనివారం కుర్చీలో వాలింది. ఈ మూతి మీ అందరికీ అలవాటే అన్నాడు డాక్టరుగారు సూది అందుకుంటూ. అందరూ నవ్వారు. ఆమె లేచి కూర్చుంది.

"ఇవాళ కరిగించడం నేర్పండి సార్."

అదంత అవసరం లేదని ఆయన నసిగాడు. మేమెప్పుడూ చూడలేదు, చూపించండి అని అమ్మాయి డాక్టరు అందుకుంది. మిగతావాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. నేర్చుకోవడానికొచ్చినవాళ్ళ ముందు కాదనలేక, ఆయన మొదట కరిగించే మందు ఆమె చేతి మీద ఒక చుక్క ఎక్కించి చూసి, ఒంటికి పడుతుందని తేలాక మూతికి ఎక్కించాడు.

వాపు తగ్గాక ఒక పొద్దున టీ కారలేదు. మొగుడు అలవాటుగా రుమాలు తోసి, ఎందుకో తలెత్తి చూసి, మొహం చిట్లించాడు. మళ్ళీ ఎప్పుడు నింపించుకుంటావన్నాడు.

ఆమె కప్పు ఖాళీ చేసి, రుమాలు వెనక్కి తోసింది.

"శనివారం ఆ కుర్చీ ఖాళీ. మీదీ గీత గీసినట్టుండే మూతే. ఊరికే వేస్తారు, వెళ్ళి కూర్చోండి."