అందరూ పట్టని లెన్సు

"ఇంకొకలు పడ్తరు. జర జరుగుండ్రి," అంటూ పరమేష్ నలుగురు కూర్చున్న వెనక సీటులో ఐదో మనిషిని దూర్చాడు. ఆమె ఒళ్లో కొబ్బరికాయల సంచి, సంచి మీద చంటిపిల్ల. మొయినాబాద్ నుంచి చిల్కూరు గుడికి షేర్ ఆటో నడపడం అతని పని. బక్కపలచని మనిషి. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని భుజాలు ముందుకు వంగిపోయాయి. ఖాకీ చొక్కా వీపున చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. మనుషుల్ని సర్దడంలో ఆ స్టాండులో అతన్ని మించినవాడు లేడు. చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోయిన పాపాన ఎన్నడూ పోలేదు.

అలాంటివాడు ఒకే ఒక్క మనిషికి చోటు లేకుండా చేయాలని ఏడాదిగా పళ్లు నూరుతున్నాడు. ఆ ఒక్కడు సొంత అన్న బాల్‌రాజ్.

పోయినేడు తండ్రి బాలమల్లు చనిపోయినప్పుడు బాల్‌రాజ్ షాబాద్ నుంచి వచ్చి చిల్కూరు దారిలోని హిమాయత్‌నగర్ మలుపులో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. తండ్రి బొమ్మ కింద బాల్‌రాజ్, అతని భార్య, పిల్లలు, ఆఖరికి బామ్మర్ది కూడా చేతులు జోడించి ఉన్నారు. పరమేష్ లేడు. మంచం పట్టిన తండ్రిని ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, తినిపించింది పరమేష్. దండం పెట్టింది మాత్రం బామ్మర్ది. ఇదేందని అడిగితే బాల్‌రాజ్ ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"జాగ సరిపోలేదురా," అన్నాడు.

ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగి ఊడిపోయేదాకా పరమేష్ పొద్దున పోతూ, మాపున వస్తూ దాని ముందు నుంచే ఆటో నడిపాడు. అన్న మాటను అన్న మొహాన్నే తిరిగి కొట్టకపోతే తన బతుకెందుకని చూసిన ప్రతిసారీ అనుకున్నాడు.

ఇప్పుడు తల్లి సంగమ్మకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే రొప్పుతోంది. రేపు ఆమెకేమైనా అయితే మళ్లీ ఫ్లెక్సీ, మళ్లీ బామ్మర్ది. ఈసారి అలా సాగనివ్వకూడదు. తనే ముందుగా ఒక ఫొటో తీయాలి. అందులో తల్లి పక్కన తనుండాలి, అన్న ఉండకూడదు. అదీ ఊరికే లేకపోవడం చాలదు. అన్న అక్కడే నిలబడి, తల దువ్వుకుని, పళ్లికిలించి, తీరా చూసుకుంటే ఫొటోలో లేకుండా పోవాలి. లేకపోతే పగ చప్పగా ఉంటుంది. ఈ సాయంత్రమే బాల్‌రాజ్ తల్లిని చూడ్డానికి వస్తున్నాడు.

మధ్యాహ్నం ఆటోను చేవెళ్లకు తిప్పాడు. అక్కడి స్టూడియో కృపాకర్ తన పాత కెమెరాను అతనికిస్తున్నాడు. ఏ లెన్సుతో అన్నదే తేలాలి. కృపాకర్ కౌంటర్ అద్దం మీద మూడు లెన్సులు పెట్టాడు.

"ఇంట్ల ఫొటోలకు ఒక్కటే కావాలంటే గీ ముప్పై ఐదు ఎమ్మెమ్ తీస్కో అన్నా. ఇరుకు జాగల గూడ అందరు పడ్తరు."

"అందరు పడొద్దు."

కృపాకర్ వింతగా చూసి జూమ్ లెన్సు చేతికిచ్చాడు. పరమేష్ దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశాడు. జూమ్ ఉందంటే అన్న ఊరుకోడు. జర తిప్పురా, నేను గూడ వస్త అంటాడు.

"మరి గిదేంది?"

"యాభై ఎమ్మెమ్. మొఖాలు మస్తొస్తయ్. గని తిప్పనీకి రాదు, మనమే ఎనకకు జరగాలె. మీ వాకిట్ల ఎనక జాగున్నదా?"

"యాడిది? నాలుగడుగులేస్తె ప్రహరి గోడ."

"అట్లయితే ముగ్గురు నలుగురికంటె ఎక్కువ పట్టరన్నా."

"గదే కావాలె," అన్నాడు పరమేష్.

కృపాకర్ యాభైని బిగించి, టైమర్ పెట్టి ఉరికొచ్చి కూర్చోవడం కూడా నేర్పాడు. తిరిగొస్తుంటే పరమేష్ ఆటో అద్దంలో తనను చూసుకుంటూ "జాగ సరిపోలే అన్నా" అని పలికి చూశాడు. బాగానే వచ్చింది.

సాయంత్రం భార్య రేణుక సంగమ్మను చేయి పట్టి తెచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టింది. తనూ కూతురు సింధుజా ఆమె వెనక నిలబడ్డారు. సంగమ్మ పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని దగ్గరకు లాక్కుంది. రొప్పుతూనే కొంగుతో దాన్ని తుడిచింది.

"గీడ కూసో బిడ్డా," అన్నది పరమేష్‌ను చూసి.

"వస్తున్న అవ్వా. జరంత ఆగు."

బాల్‌రాజ్ అప్పుడే వచ్చి, పెద్దకొడుకు హోదాలో తల్లికి అవతలి పక్క నిలబడి దువ్వెన తీశాడు. పరమేష్ ప్రహరీకి వీపు ఆనించి కెమెరాకు కన్ను పెట్టాడు. అన్న భుజం ఇంకా కనబడుతోంది. కెమెరాను ఖాళీ కుర్చీ వైపుకు కాస్త జరిపి నొక్కాడు. చూస్తే ఓరన మోచేయి వచ్చింది. మోచేయి కూడా ఉండొద్దు. మళ్లీ నొక్కాడు.

"కుర్చి ఉత్తగనే ఉన్నది బిడ్డా."

"అయిపాయె అవ్వా."

మూడోసారికి అన్న మొత్తం పోయాడు. పరమేష్ కెమెరా తెచ్చి దాని తెరను అతని ముందు పెట్టాడు.

"నేనేడరా?" అన్నాడు బాల్‌రాజ్.

"జాగ సరిపోలే అన్నా."

బాల్‌రాజ్ మొహంలో నెత్తురు దిగిపోవడం పరమేష్ కళ్లారా చూశాడు. కడుపు చల్లబడింది. బాల్‌రాజ్ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. రేణుక చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పరమేష్ ఆటో సీటులో కూర్చుని ఆ ఫొటోను మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. టైమర్ సంగతి మరిచిపోలేదు. ఈ సంతోషం కాస్త తనివితీరనీ, అప్పుడు పోయి అవ్వ పక్కన కూర్చుందాం అనుకున్నాడు.

రేణుక చాయ్ గ్లాసుతో వచ్చి "అత్తమ్మా" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. సంగమ్మ తల ఒక పక్కకు వాలి ఉంది. రొప్పు ఆగిపోయింది.

వాడకట్టంతా వచ్చి ఏడ్చారు. చాలాసేపటికి బాల్‌రాజ్ కళ్లు తుడుచుకుని తమ్ముడి ముందుకు వచ్చి చెయ్యి చాపాడు. పరమేష్ కెమెరా ఇచ్చాడు. బాల్‌రాజ్ మూడు ఫొటోలూ చూశాడు. ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు.

"నువ్వు గూడ లేవు గదరా," అన్నాడు.

ఆ గొంతులో ఎకసెక్కం లేదు. ఉంటే పరమేష్ తట్టుకునేవాడు.

సంగమ్మను పడుకోబెట్టడానికి ఆడవాళ్లు వాకిట్లో జాగ చేస్తున్నారు. అడ్డమున్నవన్నీ తీశారు. ఒక్కదాన్ని మాత్రం పరమేష్ కదలనివ్వలేదు. దుమ్ము పట్టిన ఆ ఎర్ర కుర్చీలో అవ్వ కొంగు తిరిగినంత మేర శుభ్రంగా ఉంది.