ముగ్గులో వదిలిన దారి

విజయనగరం గంటస్తంభం వెనక సందులో, కొట్లున్న ఇళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నే ముగ్గేసి, దానికి ఒక పక్క బెత్తెడు జాగా వదిలేసేవారు. అది నీళ్ళు రావడానికి. ఒంటికి రుద్దుకునే సరుకు ఏ కొట్లో కొంటే, స్నానం చేసిన నీళ్ళు కాలవ వెంట మెల్లగా నడుచుకుంటూ ఆ కొట్టు గుమ్మం దాకా వచ్చి, అమ్మినవాడికి ఓసారి కనబడి, అక్కడే ఆరిపోయేవి. కుంకుడు నీళ్ళు నురగ కట్టుకుని వచ్చేవి. సున్నిపిండి నీళ్ళు పసుపు వాసనేస్తూ వచ్చేవి. పెళ్ళిళ్ళ రోజుల్లో సందంతా తడిగా ఉండేది. కాలుజారి పడ్డవాళ్ళు పెళ్ళివారిని తిట్టుకునేవారు తప్ప నీళ్ళని ఏమీ అనేవారు కాదు.

ఆ సందులో షావుకారు జగన్నాధం కొట్టుకి పేరు తెచ్చింది సున్నిపిండి. అది అతని తల్లి సుభద్రమ్మ పెరట్లో తిరగలి మీద విసిరేది. యుద్ధం వచ్చింది, పెసలు ప్రియమైపోయాయి, మంచి సబ్బులు రావడం మానేశాయి. ఇదే అదననుకుని ఊరి చివర రేకుల పాకలో ఎవడో సబ్బు వండడం మొదలుపెట్టాడు. గులాబీరంగు బిళ్ళ, మీద నెమలి బొమ్మ. జగన్నాధం సరుకు తీసుకునే ముందు, తండ్రి నేర్పినట్టే, బిళ్ళ అంచు నాలిక్కి తాకించి చూశాడు. చుర్రుమంది. సబ్బులో పోసిన సోడా కారం ఇంకా చావలేదని, ఒంటికి రాస్తే కాలుతుందని ఆ మంటే చెప్పింది. అయినా తీసుకున్నాడు. తను వదిలేస్తే పక్కకొట్టువాడు ఎగరేసుకుపోతాడని బెంగ.

మొదటి బిళ్ళ తవిటమ్మకి అమ్మాడు. ఆవిడ కణపాక నుంచి వంకాయల తట్ట నెత్తిన పెట్టుకుని, పసిపిల్లని చంకనేసుకుని వచ్చే రైతు కోడలు.

"సావుకారు బాబూ, ఇది సంటిగుంటకి పనికొస్తాదేటి? సేతికి రాస్తే మంటెడతన్నాది."

"మంటెడితేనే మురికి వదులుతున్నట్టు తవిటమ్మా! మందన్నాక సేదుగుండదేటి? రోజూ రుద్దు. నీ కూతురు దొరసానిలాగుంటాది."

నాలిక మీద మంటని గుణంగా మార్చి చెప్పగలిగినందుకు ఆ పూట అతనికి తన తెలివి మీద ముచ్చట కూడా వేసింది.

మర్నాడు మధ్యాహ్నం కణపాక వైపు నుంచి నీళ్ళు వచ్చాయి. ఎంత మెల్లగా వచ్చాయంటే, కాలిలో ముల్లు దిగిన మనిషి కూడా అంతకంటే జోరుగా నడుస్తాడు. ముగ్గు పక్కనుంచి వచ్చి గుమ్మం ముందు ఆగాయి. సాయంత్రమైనా ఆరలేదు. మర్నాడు మరికాసిని వచ్చి వాటితో కలిశాయి. చీపురుతో తోసేస్తే సందు చివరిదాకా పోయి, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాయి.

"నీళ్ళు ఆరలేదేటి సావుకారూ?" అని ఎవరో మామూలుగానే అడిగారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మబ్బేసింది కదా!" అన్నాడు జగన్నాధం. బయట ఎండ మాడ్చేస్తోంది.

అందరూ వెళ్ళాక వంగి నీళ్ళలో వేలు పెట్టాడు. నాలిక మీద పుట్టిన మంటే వేలికీ తగిలింది. వేలికి ఉల్లిపొరంత పల్చటి చర్మం ముక్క అంటుకుని వచ్చింది. అది పసిపిల్లదని చూడగానే తెలిసింది.

వెనక నుంచి సుభద్రమ్మ అంది: "ఒరే నాయినా, అంత మంచి సబ్బైతే మనింట్లో ఒక్క బిళ్ళా లేదేటిరా? ఉయ్యాల్లో ఉన్న నీ మనవరాలికి మాత్రం నా పిండే రుద్దమంటావేటి?"

జగన్నాధం వేలు పంచెకి తుడుచుకుని లోపలికి పోయాడు. ఆ రోజు అన్నం నోటికి తీసుకెళ్తే నాలిక మండింది.

తెల్లారగానే తల్లిని జట్కా ఎక్కించి కణపాక బయల్దేరాడు. గుమ్మం ముందు నీళ్ళు వెనక్కి తిరిగి దారి చూపించాయి. తవిటమ్మ వాకిట్లో కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకుని, తడి సబ్బు చేత పట్టుకుని ఉంది. పిల్ల ఒళ్ళంతా పచ్చిపుండు. ఏడవడానికి దానికి గొంతు కూడా మిగల్లేదు.

"రుద్దకమ్మా, ఆగు!"

"మురికింకా పోలేదు బాబూ," అంది తవిటమ్మ దిగులుగా. "మంట తగ్గనేదు కదా. అందికే రెండుపూటలా రుద్దుతన్నాను."

తను చెప్పిన మాటని ఆ తల్లి అంత శ్రద్ధగా పాటించింది. జగన్నాధం అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"మురికి కాదమ్మా. నాను సెప్పింది అబద్ధం. నాలిక్కి ఎట్టి సూసేను, కాలింది. తెలిసే నీకమ్మేను."

తవిటమ్మ సబ్బున్న చెయ్యి పిల్ల మీంచి తీసేసింది.

"మీ ఇంట్లో రుద్దుతారేటి ఇది?"

"నేదు."

ఆవిడ తిట్టలేదు. ఆ బిళ్ళ అతని అరిచేతిలో పెట్టింది. "పెద్దమ్మా, నువ్వు రా," అని సుభద్రమ్మని పిలిచి, అతనితో మాత్రం, "నువ్వు నా గుంటని ముట్టుకోకు," అంది.

సుభద్రమ్మ పిల్లకి నువ్వులనూనె అద్ది, గోరువెచ్చటి నీళ్ళు చేత్తో జార్చింది. పుండ్లు మానేదాకా పిండి కూడా వద్దంది. మానాక ఉత్త పెసరపిండి మెత్తగా జల్లించి ఇచ్చింది.

జగన్నాధం మిగిలిన సబ్బంతా గోతిలో వేసి పూడ్చాడు. పిల్ల తేరుకుంది. కణపాక నుంచి మళ్ళీ నీళ్ళు వచ్చాయి, పెసరపిండి వాసనతో, హుషారుగా. గుమ్మంలో నిలబడ్డ జగన్నాధాన్ని తప్పుకుని, కొట్టులోంచి పెరట్లోకి పోయి, సుభద్రమ్మ తిరగలి దగ్గర ఆరిపోయాయి. తరవాత అందరి నీళ్ళూ అంతే. సందులోవాళ్ళు, "అమ్మగారి కాడికా," అని వాటికి దారి ఇచ్చేవారు. జగన్నాధం గుమ్మం మాత్రం ఎప్పుడూ పొడిగానే ఉండేది.

తల్లికి చేతులు పీకుతున్నాయని తిరగలి దగ్గర అతనే కూర్చోవడం మొదలుపెట్టాడు. పెసలు తనే ఏరేవాడు, తనే విసిరేవాడు. పొద్దున్న ముగ్గు అయ్యాక, జాగా వదిలారో లేదో వెళ్ళి చూసుకునేవాడు.

తవిటమ్మ కూతురికి నడక వచ్చింది. తవిటమ్మ కొట్టుకి వచ్చి, అతనితో పలక్కుండా, సుభద్రమ్మ చేతినుంచి పిండి తీసుకుని వెళ్ళింది. మర్నాడు కణపాక నీళ్ళు వచ్చినప్పుడు జగన్నాధం ఎప్పటిలాగే గుమ్మంలో పక్కకి ఒదిగి నిలబడ్డాడు. నీళ్ళు కాస్త నెమ్మదించాయి. అతని కాలి బొటనవేలు తడిపి, పెరట్లోకి వెళ్ళిపోయాయి.

చల్లగా ఉన్నాయి. అంతకంటే అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.