కొండెక్కక ముందు

గాలి.

మెట్ల సందులో కిందినుంచి పైకి వస్తున్న గాలి — కాసేపు కొలిమి తిత్తిలా, కాసేపు మూత కదిలే కుండలా...

గాలి కాదు. మెకానిక్ ఊపిరి.

వీపున సంచి. సంచిలో పాత లిఫ్టులోంచి ఊడదీసిన ఇనప దిమ్మలు. అడుగు తీసి అడుగు వేస్తే చాలు, దిమ్మలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. మోకాళ్ళు మధ్యలో దూరి సర్దిచెప్పబోతాయి. దెబ్బలు వాటికే.

ఆ మేడలో లిఫ్టు బాగుచేసేది అతనే. ఏళ్ళుగా పైకి వెళ్ళాడు, కిందికి వచ్చాడు. కాళ్ళకు ఆ సంగతి తెలియదు. పొట్టకు తెలుసు — నిశ్చింతగా పెరిగింది.

"నువ్వు బుద్ధెరిగాక పైకి వెళ్ళడమే కానీ ఎక్కింది లేదురా," అంది అక్క.

అక్క డ్రిల్లు టీచరు. ఉద్యోగం దిగిపోయింది కానీ మెడలోంచి ఈల దిగలేదు. ఎక్కడో మబ్బుల పైన, గడ్డిపోచైనా మొలవనంత ఎత్తున, ఒక మంచుకొండ ఉంది. ఎండాకాలం రాగానే దాన్నెక్కాలని అక్క పట్టు. ఎక్కించేవాళ్ళు ఇద్దరిద్దరికీ ఒక గుడారం ఇస్తారట. ముక్కూ మొహం తెలియనివాళ్ళ గురక తనవల్ల కాదంది.

తమ్ముడి గురక చిన్నప్పటినుంచీ అలవాటే.

అలా ఎంపికయ్యాడు. ఈ మెట్లూ, ఈ దిమ్మలూ ఆ కొండకు సాధన.

కాదందామని నోరు తెరిచాడు. అక్క ఈల నోట్లో పెట్టుకుంది. నోరు మూసుకున్నాడు.

మొదట ఎదురైంది వకీలుగారు. లిఫ్టు బొత్తాం మీదికి వెళ్తున్న ఆయన వేలు, మెట్లమీద మెకానిక్‌ని చూసి గాల్లోనే ఆగిపోయింది. లిఫ్టు బాగుచేసేవాడే మెట్లెక్కుతున్నాడంటే...

"పాడైందా?"

"లి..." అన్నాడు మెకానిక్. "లి..."

మిగతా మాటను ఆయాసం మింగేసింది.

వకీలుగారు నిట్టూర్చి, ఫైళ్ళు చంకన పెట్టుకుని, మెట్లు పట్టారు. ఆయన్ని చూసి సంగీతం టీచరు. ఆవిడని చూసి కూరల సంచులతో అత్తాకోడళ్ళు. చీమల బారు. పక్కన లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఎవరూ రాక మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది — పలకరించే దిక్కులేని చుట్టంలా.

ఇలాగే రోజూ.

మేడంతా పిక్కలు పట్టుకుని మూలుగుతోంది. సంగీతం టీచరు పై స్థాయికి వెళ్ళలేకపోతోంది. చివరికి పై అంతస్తులో ఉండే మేడ సంఘం సెక్రెటరీ మెకానిక్‌ని పిలిపించాడు. ఇంకోసారి మెట్లమీద కనబడితే వేరే మేడ చూసుకోమన్నాడు.

అక్కకు చెప్పాడు. "వాడితో నేను మాట్లాడతాలే," అంది.

కలవడానికి సెక్రెటరీ సరేనన్నాడు. కాకపోతే ఒక షరతు. "మీ అక్కని లిఫ్టులో రమ్మను. అందరూ చూసేలా."

అక్క లిఫ్టు ముందు నిలబడింది. చాలాసేపే నిలబడింది.

"నేను మెట్లెక్కి వస్తానులేరా..."

"ఉద్యోగం పోతుందక్కా."

ఎక్కింది. తలుపు మూసుకుంది. లిఫ్టు లేచింది... ఒక్క కుదుపు... రెండు అంతస్తుల నడుమ నిలిచిపోయింది. లోపల దీపం అందరికంటే ముందే కొండెక్కింది.

ఈల వినబడింది. ఒకటే ఈల, తెగకుండా.

మెకానిక్ పరుగెత్తాడు. యంత్రం ఉన్నది మేడమీద. వకీలుగారు గోడకు ఒదిగి దారిచ్చారు. "భేష్. ఇవాళ ఊపు మీదున్నావ్."

"లిఫ్టు ఆగిపోయిందండీ. లోపల మా అక్కుంది."

"ఇక నమ్మంలేవయ్యా," అని నవ్వారు ఆయన.

ఇంకో అంతస్తు ఎక్కాక కానీ తట్టలేదు మెకానిక్‌కి — మాట మొత్తం బయటికొచ్చింది. ఒక్క అక్షరం కూడా ఆయాసం తినలేదు.

మేడమీది తలుపు తోశాడు. చల్లగాలి మొహాన కొట్టింది. ఎదురుగా మబ్బులు, తెల్లగా, ఒకదాని భుజమెక్కి ఒకటి... ఎత్తంటే ఇన్నాళ్ళూ అతనికి తెలిసింది లోపలి చీకటీ, తాళ్ళకు పూసిన గ్రీజు వాసనా. ఒక్క క్షణం ఆగి చూశాడు. ఒక్క క్షణమే — కింద ఈల సన్నబడుతోంది.

చక్రం చేత్తో తిప్పాడు. లిఫ్టు మెల్లగా పాకి పై అంతస్తు గుమ్మానికి సరిపోయింది. దిగొచ్చి, తలుపు రెండు చేతులతో లాగాడు.

అక్క మూలన కింద కూర్చుని ఉంది. మోకాళ్ళు వాటేసుకుని. ఈల పళ్ళ మధ్యనే ఉంది, ఊదడానికి ఊపిరి లేదు. ఎంతమంది పిల్లల్ని తాడెక్కించిందో, భయపడ్డవాళ్ళని ఎన్నెన్ని మాటలందో.

ఈల నోట్లోంచి తీసింది. "ఒరే... గుడారం ఇంతకంటే పెద్దదేగా?"

అబద్ధమాడదామా అనుకున్నాడు.

"చిన్నదేనక్కా."

"ఎంత?"

చేతులు చాపి చూపించాడు. కాస్త ఆలోచించి, ఇంకొంచెం దగ్గరికి తెచ్చాడు.

అక్క ఆ చేతుల మధ్య ఖాళీనే చూస్తోంది.

మానేద్దామక్కా — తను ఆ ఒక్కమాట అంటే చాలు. కొండ పోతుంది, సంచి పోతుంది, దిమ్మల పోట్లాట పోతుంది. పొట్ట బతిమాలింది. మోకాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డాయి.

లోపలికి వెళ్ళి అక్క పక్కన కూలబడ్డాడు. తలుపు తనే మూశాడు.

చీకటి.

"ఏంట్రా ఇది?"

"ఇదే గుడారం. బయట మంచు పడుతోందనుకో."

"తియ్యరా తలుపు."

"తీస్తా. కాసేపాగి."

బయట చెప్పుల చప్పుడు. సెక్రెటరీ. బొత్తాం నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, తలుపు మీద కొట్టాడు. "లోపలున్నది నువ్వేనా? ఎప్పటికి బాగవుతుందిది?"

మెకానిక్ జవాబు చెప్పబోయాడు. అక్క చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఎండాకాలం దాకా పడుతుందని చెప్పు," అంది.

బయట ఎవరో మెట్లు దిగుతున్నారు, తిట్టుకుంటూ. లోపల, మళ్ళీ అక్క పళ్ళ మధ్యకు చేరిన ఈలలో ఇరుక్కున్న ఊపిరి — సన్నగా, వచ్చీ రానట్టు... వచ్చీ రానట్టు...