రంగూన్ టేకు మేడ

నేను ఒక మేడను. విశాఖపట్నం వన్‌టౌన్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడి, వందేళ్లకు పైగా ఉప్పుగాలి తింటున్నాను. నా తర్వాత పుట్టిన భవనాలు అప్పుడే పెచ్చులూడి, లోపలి ఇనుము తుప్పు పట్టి కారుతున్నాయి. నాకు జలుబు కూడా చేయలేదు.

నన్ను కట్టించింది గ్రంధి సోమలింగం. రంగూన్‌తో వ్యాపారం చేసిన వర్తకుడు. అక్కడ సరుకు దించిన ఓడ తిరుగు ప్రయాణంలో ఖాళీగా ఎందుకు రావాలని టేకు దూలాలు వేయించుకొచ్చాడు.

ఆయన మునిమనవడు విశ్వనాథం కాలానికి నేను రక్షిత కట్టడాల జాబితాకెక్కాను. అంటే నన్ను కూల్చకూడదు. అతనికేమో నా స్థానంలో అపార్ట్‌మెంట్ లేవాలి. ఇందులో కాపాడేంత గొప్ప ఏమీ లేదు, జాబితాలోంచి తీసేయండని అర్జీ పెట్టాడు. ఆ జాబితా చూసే కమిటీ తరఫున ఇంజనీరు నీలవేణి చూడటానికి వచ్చింది. ఆవిడ చెప్పే మాట మీదే నా ప్రాణం.

గుమ్మంలోనే బిల్డరు కోటేశు విశ్వనాథానికి పాఠం చెప్పాడు.

"ఆవిడ ఏటడిగినా ఒకటే మాటండి. పాడుకొంప. అంతకుమించి నోరు విప్పకండి బాబూ."

విశ్వనాథం బుద్ధిగా ప్రతి గదిలోనూ అదే మాట అప్పజెప్పాడు. నీలవేణి మెట్లెక్కింది, పైకి చూసింది, పెన్ను మూత పెట్టేసింది.

"మీరన్నది నిజమేనండీ. మామూలు ఇల్లే. ఈ దూలాలు కూడా ఏదో నాటు కర్రలా ఉన్నాయి."

విశ్వనాథం చెవులు ఎర్రబడ్డాయి. కోటేశు అతని చొక్కా పట్టుకుని లాగాడు. లాభం లేకపోయింది.

"నాటు కర్రా? రంగూన్ టేకు మేడం ఇది. మా ముత్తాత ఓడలో తెప్పించాడు. మేకు కొట్టి చూడండి, మేకే వంగుతుంది."

"గోడలు మాత్రం ఉత్త సున్నమేగా?"

"చెయ్యి పెట్టి చూడండి. అద్దంలా లేదూ? కోడిగుడ్డు తెల్లసొన పూత. గంపలకి గంపలు, గోనెపట్టాలు కప్పి దొడ్డిదారిన తెప్పించాడట."

కాఫీ తెచ్చిన విశ్వనాథం భార్య శకుంతల గుమ్మంలో ఆగిపోయింది.

"గుడ్లా? ఉల్లిపాయ తరిగానని మీ అమ్మగారు నాతో మాట్లాడటం మానేశారు. నేను దేవుడి పటాలు తగిలించిన ఈ గోడలకి గుడ్లా?"

"నువ్వుండవే. మేడం రాసుకుంటున్నారు."

నిజంగానే పెన్ను మూత ఊడింది. విశ్వనాథమే ఆవిణ్ని డాబా మీది గదిలోకి తీసుకెళ్లాడు. ఎండను ఆపి గాలిని మాత్రం వదిలే కిటికీ రెక్కలను తెరిచి, మూసి చూపించాడు. కోటేశు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇంక పునాదులు కూడా తవ్వి చూపించండి బాబూ," అన్నాడు.

నన్ను జాబితాలోనే ఉంచారు. టేకును నీలవేణి నిజంగా గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే అలా అందో నాకిప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నన్ను పాడుకొంప అన్న నోరే, ఇంకొకరు అదే మాటంటే తట్టుకోలేకపోయింది. మనుషులను నమ్ముకుని నిలబడ్డ ఇంటికి, వాళ్లకు ఆ మాత్రం పౌరుషం ఉంటే చాలు.

శకుంతల మర్నాడే పటాలన్నీ గోడల మీంచి దించి అల్మరాలో సర్దింది. దేవుళ్లకు కొత్త చోటు దొరికింది. నాకు పాత చోటే మిగిలింది.