సారవ్వ సాక్ష్యం

ఈ చీర ఇంకోసారి ఇస్త్రీ చెయ్యాల్సి ఉండె, కుచ్చిళ్ల కాడ ముడతలు కనబడుతున్నయి, అయినా చీర ఎవరు చూస్తరు, చర్చిల అందరి చూపు మా అత్తమ్మ సారవ్వ మెడ మీదనే ఉన్నది, ఆపరేషన్ల గొంతు తీసేసినంక ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం మీద, దానికి అడ్డంగ నేను పొద్దున కట్టిన గుడ్డ మీద, ఆమె ఊపిరి తీసినప్పుడల్ల ఆ గుడ్డ కొంచెం లేస్తది, కొంచెం పడ్తది, ఇంటికాడనే ఉందాం అత్తమ్మా అంటే వినలె, గోదావరిఖనిల సారవ్వ గొంతంటే రోడ్డు దాక వినబడేది, ప్రతి ఆదివారం సాక్ష్యాల యాళ్లకు అందరికంటే ముందు లేచేది, నల్లా నీళ్లొచ్చినందుకు వందనాలు ప్రభువా, నా కొడుకు వీరేందర్ బొగ్గు గనిల డంపర్ నడిపి క్షేమంగ ఇల్లు చేరినందుకు వందనాలు, ఇయ్యాల కోడలు చేసిన పప్పుల ఉప్పు సరిపోయినందుకు వందనాలు, చాపల మీద కూసున్నోళ్లంత నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది, అప్పట్ల పెండ్లయి కొత్తగ కమాన్‌పూర్ నుంచి వచ్చిన పిల్లను, మా అవ్వగారింట్ల దేవుని ముందట నిలబడితే లేనిది అడుగుడే తప్ప ఉన్నదాన్ని చెప్పుడు ఎవ్వరికీ అలవాటు లేకుండె.

హైదరాబాద్ దవాఖానల డాక్టరు గొంతుకు క్యాన్సర్ ఉన్నది, తీసెయ్యాలె, ఇంక మాట రాదు అన్నరోజు వీరేందర్ బయటికి పోయి గోడ పట్టుకొని నిలబడ్డడు, అత్తమ్మ అప్పటికే బొంగురుపోయిన గొంతుతోని, మింగుడు అయితదా సారూ అని అడిగింది, అయితదమ్మా, మెల్లగ అయితది అన్నడు డాక్టరు, అట్లయితే దేవునికి స్తోత్రం అన్నది, నాకు కోపమొచ్చింది, ఎవరి కోసం ఈ మాటలు, మమ్మల్ని ఏడ్వనియ్యకుంటా, ఆపరేషన్ అయినంక ఒకరోజు గోడ దిక్కు తిరిగి పండుకొని ఏడుస్తుంటే చూసిన, సప్పుడు లేదు, భుజాలొక్కటే ఊగుతున్నయి, అయిపోయింది, ఇంక వందనాలు లేవు అనుకున్న, బువ్వ కోసం ముక్కుల పెట్టిన పైపు తీసేసి మొదటి గుక్క నీళ్లు తాగించినప్పుడు అదే మనిషి చెయ్యి పైకి లేపి దండం పెట్టింది, ఏది నిజమో నాకు తెలువలె, ఏడ్చిందా, మొక్కిందా.

సాక్ష్యం చెప్పేటోళ్లు లేవండి అంటున్నడు పాస్టరు, నా పక్కన చాప కదిలింది, అత్తమ్మ లేస్తున్నది, కూసో అత్తమ్మా, వద్దు అని కొంగు పట్టుకున్న, ఇడిపించుకొని నిలబడ్డది, నోరు తెరిచింది, గుడ్డ ఎనుక గాలి తప్ప ఏం రాలె, ఎవరో సంటిపిల్లను ఊకుంచుతున్నరు, కూసో అవ్వా, దేవుడు విన్నడు అన్నడు పాస్టరు, తల అడ్డంగ ఊపి నా దిక్కు చెయ్యి సాపింది, లెవ్వు అన్నట్టు, నేనా, ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ లేవనిదాన్ని, కుచ్చిళ్లు సర్దుకొని లేచిన, ఆమె చెయ్యి నోటి కాన్నుంచి కడుపు దాక జరిపింది, నీళ్లు, బువ్వ మింగుతున్నందుకు వందనాలు అంటున్నది అన్న, నా గొంతు నాకే కొత్తగున్నది, చెవి ముట్టుకొని రెండు చేతులు గడగడ ఆడించింది, చెవులు వినబడుతున్నందుకట, ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్‌కు మా ఇంట్ల గిన్నెలు మోగుడు గూడ వినబడుతున్నందుకట, ఎప్పటిలెక్కనే అందరు నవ్విన్రు, నాకు గూడ నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆమె యేలు నా రొమ్ము మీద పెట్టింది, నేను తల దించుకున్న, మళ్ల పెట్టింది, ఏమంటున్నదమ్మా అని పాస్టరు అడుగుతున్నడు, నా నోటితోని నేనెట్ల చెప్పుకోవాలె, కోడలి కోసం అంటున్నది, రాత్రిపగలు తనకాడ కూసున్న కోడలిని ఇచ్చినందుకు అంటున్నది, తలెత్తి చూసిన.

అత్తమ్మ కండ్ల నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నయి, పెదవులు నవ్వుతున్నయి, తుడుసుకోలె, దాసుకోలె, గొంతు పోయిందన్న బాధ ఆమెకు గట్లనే ఉన్నది, రెండిట్ల ఒకటే నిజమనుకొని నేనే తప్పు చూసిన, బాధ అయిపోయినంక సంతోషపడుదామని ఈమె ఏనాడు ఆగలె, ఏడ్చినరోజు గూడ వందనాలు చెప్పుకుంటనే ఏడ్చింది, ఒక్క మనిషిల ఆ రెండూ కలిసే ఉంటయి.