మాత్రల్లో వాటా

ఓబయ్యది ఇందుకూరుపేట దాటినాక సముద్రం ఒడ్డునున్న పల్లె. అతనికి మూర్ఛ జబ్బు. ఒకసారి పడవలోనే పడి కొట్టుకున్నాడు. పడవ ఒరిగి అందరూ నీళ్లలో పోవలసింది, కొంచెంలో తప్పింది. ఆ తర్వాత పడవ పెద్ద మస్తానయ్య అతన్ని ఒడ్డునే ఉండమన్నాడు. చేపలు పంచేటప్పుడు మాత్రం అతని వాటా తప్పకుండా పంపేవాడు. పని చేయకుండా వచ్చే ఆ వాటా ఓబయ్యకు మింగుడుపడేది కాదు.

పందొమ్మిది వందల అరవై మూడులో మద్రాసు నుంచి డాక్టర్ జయరామయ్యగారు జీపులో వచ్చారు. అమెరికా గోధుమలు మన దేశంలో అమ్మగా వచ్చిన రూపాయల్లోంచి కొంత పరిశోధనలకు ఇస్తున్నారనీ, ఆ డబ్బుతోనే అక్కడి డాక్టర్లూ ఇక్కడి డాక్టర్లూ కలిసి మెదడు, నరాల జబ్బులు చూస్తున్నారనీ చెప్పారు.

"తగ్గితే పడవ ఎక్కొచ్చా సార్?" అన్నాడు ఓబయ్య.

"ఏడాదిపాటు మూర్ఛ రాకుంటే ఎక్కొచ్చు."

రోజూ పడుకునే ముందు వేసుకోమని నెలకు సరిపడా సీసాతో మాత్రలిచ్చారు. ఆపైన నెలనెలా తన మనిషి చేత పంపుతానన్నారు.

చలికాలంలో ఆయన అమెరికా డాక్టరును వెంటబెట్టుకుని వచ్చారు. ఓబయ్యకు మూర్ఛలు కొంచెం కూడా తగ్గలేదు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"వచ్చే ఏడు డబ్బు తక్కువంట. మందు పట్టనివాళ్లను ఒదిలేద్దామంటున్నాడు దొర" అన్నారు జయరామయ్యగారు.

ఓబయ్య ఇసకలో కూర్చుండిపోయాడు.

అవతల మస్తానయ్య చుట్ట కాలుస్తుంటే, అతని పడవవాళ్లు వల బాగుచేస్తున్నారు. వాళ్లలో చిన్నపోలయ్య వల మీదే కునుకు తీస్తున్నాడు. మిగిలినవాళ్లూ ఆవలిస్తున్నారు.

"వీళ్లేంది, పట్టపగలు తూగుతున్నారు?" అన్నారు జయరామయ్యగారు.

"మాత్ర మత్తు సార్" అంది ఓబయ్య భార్య పేరమ్మ.

"ఎవరి మాత్ర?"

"మా ఆయనదే. పడవోళ్లందరికీ వాటా ఏసినాడు. సీసా వారానికే అయిపోయె. మళ్లీ మీ మనిషి తెచ్చిందాకా ఉత్తదే."

"వాళ్లు నాకు పెడతా ఉంటే, నాకొచ్చింది నేనొక్కణ్ణే ఎట్లా తినేది సార్?" అన్నాడు ఓబయ్య.

చిన్నపోలయ్య కళ్లు తెరిచాడు. "నిద్ర మాత్రం బాగా పట్టింది సార్."

డాక్టరు ఆ సంగతి దొరకు చెప్పారు. దొర నవ్వలేదు. ఇకమీదట ఒక్కడే వేసుకుంటాడా అని అడిగించాడు. ఓబయ్య మస్తానయ్య వైపు చూశాడు. పడవ పెద్ద మాట లేనిదే అతని గొంతులోకి మాత్ర దిగదు.

మస్తానయ్య చుట్ట పక్కన పెట్టాడు. "వాటాలేసే ముందు ఇంటి కూరకని చేపలు తీసి పక్కన పెడతాం గదా. అందులో ఎవుడన్నా వాటా అడిగినాడా?"

"లేదు మామా" అన్నాడు ఓబయ్య.

"ఇయ్యి గూడా కూరచేపలే అనుకోండి. ఓబయ్యవి."

"మరి నా నిద్రో?" అన్నాడు చిన్నపోలయ్య.

"మాత్ర లేకున్నా నువ్వు పడవలో నిద్రపోయేవాడివే లేరా."

దొర ఇంకో రెండేళ్ల డబ్బుకు ఒప్పుకున్నాడు. పాత లెక్క కొట్టేసి మళ్లీ మొదలుపెట్టారు. మొదట్లో ఓబయ్య గోడవైపు తిరిగి మాత్ర మింగేవాడు. తర్వాత అలవాటైంది. ఎండాకాలంలో ఒకసారి మూర్ఛ వచ్చింది. అక్కణ్ణుంచి ఏడాది మళ్లీ లెక్కపెట్టారు. ఆ ఏడాది రాలేదు.

"ఎక్కు. మాత్ర మాత్రం మానొద్దు" అన్నారు జయరామయ్యగారు.

మరునాడు మస్తానయ్య ఓబయ్యను పడవ నడుమ కూర్చోబెట్టి, అతని నడుముకు తాడు చుట్టి అడ్డదూలానికి కట్టాడు.

"డాక్టరు ఎక్కమన్నాడు గదా మామా" అన్నాడు చిన్నపోలయ్య.

"ఆయన జీపులో పోయినాడు. మనం నీళ్ల మీద పోతాం."

ఓబయ్య ముడి లాగి చూసుకున్నాడు. "ఇంకో చుట్టు వెయ్యి మామా, ఒదులుగా ఉండాది" అన్నాడు.